గుర్రం కడుపు మాట వినే ఆయమ్మ

పోయిన మాఘంలో తిరుపతిలో ఒక పెండ్లికి పోయినాను. పెండ్లికొడుకును గుర్రమెక్కించే సరదా ఈ మధ్య మనవాళ్లకూ పట్టుకుంది కదా, కల్యాణమంటపం ముందర ఒక తెల్లగుర్రం నిలబడి ఉంది. నెత్తిన ఎర్రకుచ్చు, మెడలో ప్లాస్టిక్ పూలు. పెండ్లికొచ్చిన పిల్లలంతా దాని చుట్టూ చేరి లడ్డూలు, మిక్చరు, ఏది చేతికొస్తే అది దాని నోటికి అందిస్తా ఉన్నారు. నేను నేరుగా పోయి దాని డొక్కకు చెవి ఆనించి, ఒక కన్ను మూసుకుని నిలబడినాను.

"ఏం తాతా, లోపల ఎవురన్నా ఉండారా?" అన్నాడు గుర్రాన్ని పట్టుకున్న అబ్బి.

"ఉండారు గానీ గట్టిగా మాట్లాడటం లేదు. పొద్దున లద్ది ఏసిందా?"

ఆ అబ్బి నవ్వడం మానేసి గుర్రం తోకవైపు చూసినాడు. "నేనొచ్చినాక ఏయలేదు" అన్నాడు. ఆ తర్వాత పిల్లల్ని అదిలించినాడు.

నాకు గుర్రాల గురించి ఏదో తెలుసనుకునేరు. ఆ చెవి ఆనించడం, ఆ కన్ను మూయడం, ఆ లద్ది మాట, ఏవీ నావి కావు. రేణిగుంట స్టేషన్ బయట జట్కాలు బారుగా నిలబడే కాలంలో అక్కడ ఒక ఆయమ్మ ఉండేది. అన్నీ ఆమెవి. మంటపంలో వడ్డన మొదలైందని పిలిచినా నాకు కాసేపు అన్నం మీదికి మనసు పోలేదు.

ఆ రోజుల్లో జట్కాల స్టాండుకు ఎదురుగా నాకు దాణా అంగడి ఉండేది. ఉలవలు, తవుడు, శెనిక్కాయ చెక్క అమ్మేవాణ్ణి. మాటలు మాత్రం ఊరికే ఇచ్చేవాణ్ణి. ఒక సంగతి ముందే ఒప్పుకుంటాను. నేను చెప్పే దేనికైనా కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్యమంటే గుడి మెట్లదాకా వస్తాను గానీ లోపలికి రాను. ఉలవలు నానితే ఉబ్బినట్టు నా నోట్లో పడిన ఏ కతైనా ఉబ్బుతుంది. అయితే ఆయమ్మ విషయంలో అట్ల చెయ్యడం నాకే బాగలేదు. అందుకని ఎక్కడ పెంచితే అక్కడే దించేస్తాను.

ఆమె పేరు చెప్పను. దాచడం కాదు, నాకు తెలీదు. స్టాండులో అందరికీ గుర్రాలామె. నాకు అక్క. మొగుడు జట్కా తోలేవాడు, పోయినాడు. ఒక ఎర్ర ఆడగుర్రాన్నీ, బండినీ వదిలిపోయినాడు. బండి తోలేది మునెయ్య అని ఒక నోటి దురుసు మనిషి. మేపేది ఆమె. తన గుర్రాన్నే కాదు, స్టాండులో ఉన్న గుర్రాలన్నింటికీ దాణా ఉడికేది ఆమె పొయ్యి మీదే. నిలువెత్తు కాగు అని చెబుతుంటాను. నిలువెత్తు కాదు, నా మోకాలికి కొంచెం పైకి వచ్చేది.

ఆ కాగు దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఉడికిన గింజలు గుర్రాలకు, వార్చిన కట్టు మనుషులకు. పొద్దు వాలేసరికి జట్కావాళ్ల ఇండ్లలోనుంచి ఆడవాళ్లు చెంబులు పట్టుకుని వచ్చి కట్టు పోయించుకుని పోయేవాళ్లు. ఇంత చింతపండు పిసికి, తిరగమాత వేస్తే రాత్రికి చారు. మా ఇంట్లో కూడా అదే చారు. గుర్రాలు ఏం తింటే మా వీధంతా దాని రసం తాగినట్టు. నేనెప్పుడైనా పాత ఉలవలు అంటగడితే ఆ పూట వీధి వీధంతా ముఖం చిట్లించుకుని నా అంగడి ముందర నుంచే పోయేది.

ఆయమ్మ మాత్రం గుర్రాలకు పెట్టే ముందు తాను ఒక పిడికెడు తినేది. తిని, కాగు పక్కన గొంతుక్కూర్చుని, తన కడుపు మీద చెయ్యి పెట్టుకుని చూసుకునేది. తనకేమీ కాలేదని నమ్మకం కుదిరినాకే గుర్రాలకు. అంతవరకూ గుర్రాలు నేలను గిట్టలతో తవ్వతా ఉండేవి, జట్కావాళ్లు తిడతా ఉండేవాళ్లు.

"అక్కా, నీ కడుపు వేరు, గుర్రం కడుపు వేరు. నీకు అరిగింది దానికి అరగాలని యాడుంది?" అనేవాడు మునెయ్య.

"నాకే అరగంది దానికి అరగదు గదరా" అనేది.

పొడుగ్గా, ఎండిన కట్టెమాదిరి ఉండేది. చీరకు ఉలవల వాసన, పొగ వాసన. కుడి చెవి మీద ఎప్పుడూ ఎర్రటి గుర్రం వెంట్రుకలు రెండో మూడో అంటుకుని ఉండేవి. దోవన పోతా పోతా ఏ గుర్రం కనిపించినా ఆగి, డొక్కకు చెవి పెట్టి, ఎడమ కన్ను మూసేది. కడుపులో గుడగుడ వినిపిస్తే కన్ను తెరిచేది. "మాట్లాడుతుండాది" అనేసి పోయేది. వినిపించకపోతే ఆ గుర్రం యజమానికి ఆ పూట అన్నం లేదు. ఇంగువ తెమ్మని, వాము తెమ్మని, నడిపించమని, రుద్దమని వాణ్ణి కూర్చోనిచ్చేది కాదు.

ఎవరు ఎదురైనా బాగుండావా అని అడగడం ఆమెకు రాదు. "లద్ది ఏసిందా?" అనేది. ఒకసారి స్టేషన్ మాస్టరు ఎదురుపడితే ఆయన్నీ అదే అడిగిందని, ఆయన "ఇంకా లేదమ్మా" అన్నాడని నేను ఎంతమందికి చెప్పి నవ్వించినానో. అది నేనూ మునెయ్యా బీడీలు కాలుస్తా కల్పించింది. ఆమె ఆయన్ని చూస్తే పక్కకు తప్పుకునేది.

నేను ఉన్నదాన్ని పెంచేవాణ్ణి, ఆమె ఉన్నదాన్ని తగ్గించేది. ఎవరైనా దారినపోయేవాళ్లు "గుర్రం బలే నిగనిగలాడతా ఉండాదే" అన్నారో, ఆయమ్మ ముఖం తెల్లబోయేది. "యాడ నాయనా, అంతా జబ్బే. మేతే ముట్టడం లేదు" అనేది, గుర్రం ఆమె వెనకాలే కసకసా నములుతా ఉన్నా సరే. గుర్రానికి పేరు కూడా పెట్టలేదు. ఎందుకక్కా అని అడిగితే, "పేరుంటే పిలవాల గదా. పిలిస్తే అది ఒకటే వింటుందా?" అనేది. ఇంకెవరు వింటారని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆమె పైకి చూస్తా అనింది ఆ మాట.

ఈ భయం యాడినుంచి వచ్చిందో జట్కావాళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పేవాళ్లు. ఒకే వారంలో మొగుడూ, మూడు గుర్రాలూ పోయినాయని నేను చెప్పేవాణ్ణి. అది అబద్ధం. ఆయన పోయింది ఎప్పుడో, ఎండాకాలంలో. గుర్రం పోయింది ఒకటే, ఒక చలికాలం, బూజు పట్టిన గడ్డి తిని. ఆమె దాని గురించి నాతో అన్నది కూడా ఒకే మాట. "బాగానే మేసింది శెట్టీ. తెల్లారి లేయలేదు."

అందుకే ఎండాకాలమంటే ఆమెకు లెక్కలేదు. ఊరంతా నీళ్లో అని అల్లాడతా ఉంటే ఆమె నిమ్మళంగా ఉండేది. దీపావళి దాటి గాలి తిరిగిందంటే మాత్రం మనిషి మారిపోయేది. మన చలికాలం సంగతి తెలుసు కదా. చలి గొప్పగా ఏమీ ఉండదు. సగం రోజులు తుపాను ముసురు, మిగతా సగం మంచు. గడ్డి ఆరదు. తడిగడ్డి పడితే గుర్రానికి కడుపు బిగుస్తుంది. పాతగడ్డి తీస్తే బూజు. పొద్దున్నే గడ్డిమోపు విప్పి ఇంటిముందర పరిచి, ఎండ వచ్చి మంచు ఇగిరేదాకా పక్కనే కాపలా కూర్చునేది. ముసురు రోజుల్లో పొయ్యి సెగ మీద పిడికెడు పిడికెడు గడ్డి పట్టి ఆరబెట్టేది. ఇస్త్రీపెట్టె పెట్టి గడ్డిని ఇస్త్రీ చేసేదని నేను చెబుతుంటాను. ఇస్త్రీపెట్టె ఆమెకు యాడిది? కానీ పొయ్యి దగ్గర ఆమె వేళ్లు కమిలి ఉండడం చూసినాను. అది పెంచింది కాదు.

ఇంకొకటి చేసేది. దీపావళినుంచీ నా అంగడిలో కొంచెం కొంచెంగా ఉలవలు ఎక్కువ కొని, ఇంట్లో ఒక పెద్ద బానలో పోసి, పైన వేపాకు పరిచి, మూత వేసి పెట్టుకునేది. "వాన పట్టుకుంటే గడ్డి రాదు. దాణా కూడా లేకపోతే ఏం పెట్టాల?" అనేది. "నా అంగడి ఎదురుగానే ఉంది గదక్కా" అంటే, "నీ అంగడి మునిగితే?" అనేది. వ్యాపారం చేసుకునేవాడి ముఖం మీద అనే మాటేనా అది?

ఒక ఏడు కార్తీకంలో తుపాను పట్టుకుంది. పది రోజులు ఎడతెగని వాన అని నేను చెప్పేది. అందులో సగం కూడా లేదు. కానీ కురిసినంతసేపూ ఆకాశం పైన ఎవరో కాగు తలకిందులు చేసినట్టు కురిసింది. స్వర్ణముఖి పొంగింది. ఏటి అవతలి పల్లెలనుంచి గడ్డిమోపులు తెచ్చే ఆడవాళ్లు రాలేదు. రైళ్లు ఆగిపోయినాయి. జట్కా ఎక్కేవాళ్లు లేరు. ఆయమ్మ కొట్టంలో నీళ్లు గుర్రం మోకాళ్లదాకా వచ్చినాయి. ఆమె దాన్ని విప్పి, నేరుగా తన ఇంట్లోకి తోలుకునిపోయింది. ఒకే గది ఇల్లు.

"అక్కా, అది నీ మంచం ఎక్కితే నువ్వు కొట్టంలో పడుకుంటావా ఏం?" అన్నాడు మునెయ్య.

"పడుకుంటా. నీకేం?"

మరుసటి రోజు మధ్యాహ్నం దాకా పొయ్యి మీద ఆరబెట్టిన గడ్డితో నెట్టుకొచ్చింది. ఆ గడ్డీ అయిపోయింది. గూడ్సు షెడ్డులో పింగాణీ సామాన్ల పెట్టెల్లో కుక్కే ఎండుగడ్డి ఉంటుందని ఎవరో చెప్పినారు. గుర్రాన్ని గుంజకు కట్టి, తలుపు దగ్గరగా వేసి, ఆ గడ్డి కోసం పోయింది. బానను దాటుకునే పోయింది. బానకు మూత ఉంది గదా అనుకుంది.

నేను అంగడిలో గోనెల కింద పలకలు ఎత్తి పెట్టుకుంటా ఉన్నాను. వానలో ఆయమ్మ వచ్చి ముందర నిలబడింది. చెయ్యి చాపింది. చేతిలో వేపాకు.

"బాన" అనింది చివరికి. "శెట్టీ... బాన."

పరిగెత్తినాను. మునెయ్య కూడా వెనకాలే వచ్చినాడు. గదిలో బాన పక్కకు ఒరిగి ఉంది. కట్టుతాడు తెగి వేలాడుతా ఉంది. నేల మీద గింజలు కొన్నే మిగిలినాయి. గుర్రం పెదవికి ఒక వేపాకు అంటుకుని ఉంది. అది మావైపు చూసి ఒకసారి కనురెప్పలు ఆడించింది. అంత తృప్తిగా ఉన్న ప్రాణిని నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

మునెయ్య ముఖంలో రంగు పోయింది. "నీళ్లు తాగిందా?" అన్నాడు. అంతే అన్నాడు.

ఇది జట్కావాళ్లలో చంటిబిడ్డకు కూడా తెలిసిన సంగతి. ఎండు ఉలవలు కడుపునిండా తిన్న గుర్రం పైన నీళ్లు తాగిందంటే లోపల గింజ ఉబ్బుతుంది. మనిషైతే వేలు పెట్టి కక్కుతాడు. గుర్రానికి కక్కడం చేతకాదు. అందుకని ఆ రోజంతా దాని నోటికి నీటిచుక్క తగలకూడదు. పడుకుని పొర్లితే పేగు మడతపడుతుంది కాబట్టి పడుకోనివ్వకూడదు. లద్ది పడేదాకా నడిపిస్తానే ఉండాల. ఎండాకాలమైతే అదేమంత కష్టం, తొట్టి బోర్లిస్తే సరిపోయె. అప్పుడు మా రేణిగుంటలో నీళ్లు లేని చోటేది? ఆ గదిలోనే కప్పునుంచి నాలుగైదు ధారలు. గడప దాటితే వీధి నిండా ఎర్రనీళ్లు. గుర్రం అప్పటికే మెడ సాచి గడప వైపు లాగుతా ఉంది. తిన్న తిండికి దప్పి మొదలైంది.

ఆయమ్మ చీరకొంగు చించి దాని మూతికి చుట్టి ముడి వేసింది. "షెడ్డుకు" అనింది. "గూడ్సు షెడ్డు కింద నేల ఆరి ఉండాది. ఇప్పుడే చూసొచ్చినా."

వీధిలో మునెయ్య కళ్లెం పట్టి ముందు. ఆయమ్మ గుర్రం గడ్డం కింద తన భుజం పెట్టి తలను పైకి ఎత్తి పట్టుకుని పక్కన. పైనుంచి పడే వాన మూతికి తగలకుండా నేను గొడుగు పట్టుకుని ఇంకో పక్కన. వీధిలో ఉన్న గొడుగులన్నీ వచ్చినాయని, గుర్రానికి పందిరి వేసినట్టు పట్టుకున్నామని నేను వర్ణించి చెబుతుంటాను. గొడుగు ఒకటే. అది కూడా నాదే, ఒక ఊచ విరిగింది.

కాఫీ అంగడి చూరు కింద నిలబడినవాళ్లు మమ్మల్ని చూసి ఈలలు వేసినారు. "ఏం శెట్టీ, గొడుగు దానికి, వాన నీకా? పెండ్లికూతుర్ని తీసకపోతా ఉండావా?"

"అవునప్పా, పెండ్లికొడుకువు నువ్వే, రా! తాడు తెచ్చుకో!" అని మునెయ్య అరిచినాడు. అరుస్తానే వెనక్కి తిరిగి గుర్రం డొక్క వైపు చూసినాడు. ఈల ఆగిపోయింది. ఇద్దరు దిగివచ్చి వెనకనుంచి గుర్రాన్ని తోసినారు.

షెడ్డు కాపలావాడు చేతులు అడ్డం పెట్టినాడు. గుర్రాన్ని లోపలికి రానీకూడదన్నాడు.

"పార్శిలు అనుకో నాయనా" అనింది ఆయమ్మ. "సాయంత్రానికి తీసకపోతా."

వాడు ఆమె ముఖం చూసినాడు, గుర్రం మూతికి కట్టిన కొంగు చూసినాడు. పక్కకు జరిగినాడు.

బస్తాల వరసల మధ్య నడక మొదలైంది. ఆ చివరిదాకా, మళ్లీ ఈ చివరిదాకా. పైన రేకుల మీద వాన మోత. ఒకరి మాట ఒకరికి వినపడదు. మూతికి కట్టిన కొంగు విప్పేసినాక మొదట్లో గుర్రం బాగానే నడిచింది. కారే చోటల్లా నిలబడి నాలుక చాపేది. ఆ చోట కాపలావాడు గోనె పరిచినాడు. ఒకసారి తడిసిన ఇనపస్తంభాన్ని నాకబోతే ఆయమ్మ తన వీపు దానికి అడ్డం పెట్టింది. ముద్దుగా ఒక్క మాట లేదు. "తిన్నావు గదా. నడువు" అనేది, అంతే.

తర్వాత అది నిలబడిపోయింది. తల తిప్పి తన కడుపు వైపు తానే చూసుకుంది, అక్కడెవరో పిలిచినట్టు. ముందరి కాలితో నేల గీరింది. ఆ చలిలో మెడ మీద చెమట పట్టింది. నాకు భయమెయ్యలేదని, గుర్రాన్ని భుజంతో ఎత్తి నిలబెట్టినానని చెప్పుకున్నాను చాలాకాలం. దాని ముందరి మోకాళ్లు మడతపడగానే నేను ఎగిరి బస్తాల మీదికి ఎక్కినాను. ఎత్తింది మునెయ్య, కాపలావాడు, ఈలలు వేసిన ఆ ఇద్దరు. ఆయమ్మ తోక పట్టుకుని లాగింది. అది లేచింది. కాళ్లు అదురుతా ఉన్నాయి.

ఆయమ్మ డొక్కకు చెవి పెట్టింది. ఎడమ కన్ను మూసింది. ఎంతసేపటికీ తెరవలేదు.

"శెట్టీ, నువ్వు విను. నాకు వాన ఒకటే వినపడతా ఉండాది."

దిగి పోయి చెవి ఆనించినాను. చర్మం కాగు మాదిరి బిగిసి, వేడిగా ఉంది. లోపల ఏమీ లేదు. తలుపు వేసుకున్న ఇల్లు మాదిరి ఉంది.

"ఏం లేదక్కా" అన్నాను.

ఆమె తల ఊపింది. గోనెపట్ట తీసుకుని డొక్క రుద్దుతా, నాతో కాకుండా గుర్రంతో కాకుండా, ఎదురుగా ఉన్న బస్తాలతో అన్నట్టు అనింది: "ఆకిలితో సచ్చిపోతుందేమోనని దాచినా. ఇంకేం లేదు. ఆకిలైతుందనే దాచినా."

నోటి దురుసు మునెయ్య ముఖం అటు తిప్పుకుని కళ్లెం లాగినాడు. మళ్లీ నడక. మా ఇంట్లోనుంచి ఇంగువ, శొంఠి, బెల్లం ముద్దగా నూరి పంపించినారు. నీళ్లు కలపకుండా ఆయమ్మ దాని నాలుక కింద కుక్కింది. మధ్య మధ్య ఎవరో ఒకరు "సద్దు చేసిందా?" అని అడిగేవాళ్లు. ఆమె చెవి పెట్టేది, తీసేది, మళ్లీ రుద్దేది.

దీపాలు పెట్టేవేళకు గుర్రం ఆగింది. అందరం మళ్లీ పడుకుంటుందేమోనని చుట్టూ చేరినాము. అది తోక ఎత్తింది. లద్ది పడింది.

అదే సమయానికి స్టేషన్‌లో ఇంజను కూసిందని, రేణిగుంట అంతా పండగ చేసుకుందని చెబుతుంటాను. ఇంజను కూసింది నిజమే. అది దాని పని మీద కూసింది. మునెయ్య నేల మీద కూలబడి నవ్వుతా ఉన్నాడు. ఎందుకో ముక్కు చీదుకున్నాడు కూడా. ఆయమ్మ నవ్వలేదు. ఆ లద్దిని రెండు చేతుల్లోకి తీసుకుని, దీపం దగ్గరికి పోయి, విరిచి చూసింది. గింజలు గింజలుగానే ఉన్నాయి, ఉబ్బి.

"ఇంకా లోపల ఉండాయి" అనింది.

తెల్లారినాక కూడా నడిపించింది. మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. అప్పుడు గోరువెచ్చటి నీళ్లు దోసిట్లో పోసుకుని దాని మూతి దగ్గర పెట్టింది. ఒక దోసిలి తాగించి ఆగి చెవి పెట్టేది. మళ్లీ ఒక దోసిలి. కాసేపటికి ఎడమ కన్ను తెరిచింది. "ఏందో అంటా ఉండాది" అనింది.

ఎవరికి చెప్పినా కత ఇక్కడికి ఆపేస్తాను. విన్నవాళ్లు హమ్మయ్య అనుకుని కాఫీ తెప్పిస్తారు. ఇంతదాకా నేను పెంచినవన్నీ దించినాను కాబట్టి, ఇంతకాలం మింగేసిన మిగతాది కూడా చెప్పేస్తాను.

గుర్రం కోలుకుంది. ఇంకా నిగారించింది. ఆయమ్మ కోలుకోలేదు. ఇంట్లో గింజ అనేది ఉంచుకోలేదు. పూటకు పూటకు నా అంగడికి వచ్చి కొలిపించుకుని పోయేది. సగం దోవ పోయి, ఒడిలో ఉన్న ఉలవలు నాకే ఇచ్చి, పరిగెత్తి పోయి గుర్రాన్ని చూసుకుని మళ్లీ వచ్చేది. ఎండాకాలంలో కూడా నిమ్మళం లేదు. మాట మధ్యలో ఆగి చెవి రిక్కించేది. గుర్రం యాడో మునెయ్యతో బండికి కట్టి ఉంటుంది, ఈమె ఈడ వింటా ఉంటుంది.

వినాయక చవితి దాటి మొదటి మబ్బులు పట్టినప్పుడు ఏర్పేడు నుంచి ఒక రైతు వచ్చినాడు. ఆయనకూ జట్కా ఉంది, మెట్ట మీద రాతికొట్టం ఉంది. ఆయమ్మ గుర్రాన్ని ఆయన చేతికి ఇచ్చేసింది. మాలో ఎవరికీ ముందు చెప్పలేదు.

మునెయ్య అగ్గి అయిపోయినాడు. వాడి బతుకూ దాని మీదే గదా. "అంత పాటుపడి బతికించింది ఇచ్చేసేదానికా అక్కా? సచ్చిపోయిందా ఏం ఇచ్చేయను?"

"సచ్చిపోయింటే ఏడ్చి ఊరుకుందును గదరా" అనింది ఆమె. "బతికింది. మళ్లీ సలికాలం వస్తా ఉండాది. నాకు ఇంకొకసారి బయపడే శక్తి లేదురా మునెయ్యా."

రైల్వేగేటు దాకా ఆ రైతు వెంబడి నడిచింది. మంచు ఆరని గడ్డి పెట్టొద్దు, బానకు మూత చాలదు, రాయి పెట్టు, దప్పికైతే ముందు కడుపు విను, అని చెబుతానే ఉంది. ఆయన మంచివాడే. "అమ్మా, నాకూ గుర్రాలు తెలుసు" అన్నాడు.

"తెలుసు నాయనా. తెలీనోళ్లకైతే ఇస్తానా?" అనింది. గేటు పడింది. రైలు పోయేంతసేపూ ఆయన అవతల, ఈమె ఇవతల. గేటు లేచినాక చూస్తే ఆయన పోతా ఉన్నాడు. ఈమె వెనక్కి తిరిగింది.

కార్తీకంలో మళ్లీ ముసురు పట్టింది. ఒక రోజు అంగడిలో బేరం లేక కూర్చోనుంటే ఆయమ్మ వచ్చి చూరు కింద నిలబడింది.

"ఏం కావాలక్కా?"

"ఏం వద్దు."

గోనె పరిచినాను. కూర్చోలేదు. వానను చూస్తా నిలబడింది. స్టాండులో మిగిలిన జట్కాలు రెండో మూడో తడుస్తా ఉన్నాయి. వాటి వైపు పోలేదు. కాళహస్తి బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. దాని నెత్తినుంచి నీళ్లు ధారలుగా కారుతా ఉన్నాయి. కండక్టరు చొక్కా పిండుకుంటా దిగి, ఏర్పేడు దగ్గర రోడ్డు మీదికి నీళ్లొచ్చినాయని డ్రైవరుతో అరుస్తా కాఫీ అంగడిలోకి పోయినాడు. వాన మోతలో ఆమెకు వినపడిందో లేదో నాకు ఈ రోజుకీ తెలీదు.

"శెట్టీ" అనింది. "ఏర్పేట్లో గూడా పడతా ఉంటుందా?"

మాకు ఏర్పేడు ఎంత దూరమని? మా నెత్తిన ఉన్న మబ్బు ఒక కొస అక్కడ వేలాడుతా ఉంటుంది.

"చుక్క లేదంటక్కా" అన్నాను. "ఇప్పుడే బస్సులో వచ్చినోళ్లు చెప్పినారు. ఎండ కాస్తా ఉండాదంట."

ఆయమ్మ బస్సు వైపు చూసింది. నీళ్లు కారుతా ఉన్న దాని కిటికీల వైపు చూసింది. నా ముఖం వైపు చూసింది.

"అట్లనా" అనింది. "అయితే గడ్డి ఆరుంటుందిలే."

కొంగు నెత్తిన కప్పుకుని వానలోకి దిగింది.